నగరాల్లో టీబీ: సగటు అంకె దాచేది, వయసుల లెక్క చెప్పేది

సంక్షిప్తంగా

నగరంలో టీబీ పరిస్థితిని మామూలుగా ఒకే అంకెతో చెబుతారు: ఏడాదిలో లక్ష జనాభాకు ఇన్ని కేసులు అని. ఆ అంకె సమానంగా ఉన్న రెండు నగరాల్లో పరిస్థితి పూర్తిగా వేరుగా ఉండొచ్చు. ఒకచోట రోగుల్లో ఎక్కువమంది పాతికేళ్ల యువకులు, ఇంకోచోట డెబ్భై దాటినవాళ్లు. మొదటి నగరంలో వ్యాధి ఇప్పటికీ జోరుగా అంటుకుంటూ ఉండొచ్చు. రెండోచోట కనిపిస్తున్నది చాలావరకు దశాబ్దాల కిందటి వ్యాప్తి తాలూకు మిగులు. ఏ వయసులో ఎందుకు ఎక్కువ, ఏ వయసులో ఎందుకు తక్కువ అన్నది తెలియకపోతే కేసులు పెరిగాయనో తగ్గాయనో వచ్చే వార్తకు అర్థం చెప్పుకోలేం.

ఇన్ఫెక్షన్ వేరు, జబ్బు వేరు

టీబీ చర్చల్లో గందరగోళం సగం ఇక్కడే మొదలవుతుంది. రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న లోకానికి ప్రకటించిన ఈ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి చేరినంత మాత్రాన మనిషి రోగి అయిపోడు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ ఇన్ఫెక్షన్ సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో జీవితకాలం మొత్తమ్మీద జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. మిగతావాళ్ల ఒంట్లో రోగనిరోధక కణాలు బ్యాక్టీరియాను చుట్టుముట్టి కట్టడి చేస్తాయి, కొందరిలో పూర్తిగా తుడిచిపెట్టేస్తాయి కూడా.

జబ్బు పడేవాళ్లలో ఎక్కువమందికి అది సోకిన మొదటి రెండేళ్లలోనే బయటపడుతుంది. ఆ తర్వాత ముప్పు బాగా తగ్గుతుంది గానీ సున్నా కాదు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు.

అంటే ఏ వయసు వర్గంలోనైనా కేసుల రేటు రెండు వేర్వేరు విషయాల మీద నడుస్తుంది. ఆ వయసువాళ్లలో ఎంతమందికి ఇన్ఫెక్షన్ సోకింది, ఎప్పుడు సోకింది అన్నది ఒకటి. సోకినవాళ్లలో ఎంతమంది శరీరం దాన్ని అదుపులో పెట్టలేకపోయింది అన్నది రెండోది. మొదటిది ఆ నగరం గాలికి, రద్దీకి, గతానికి సంబంధించింది. రెండోది ఒంటికి సంబంధించింది. ఈ రెండూ వయసుతో పాటు మారతాయి, అదీ ఒకే దిశలో కాదు. అందుకే టీబీ గ్రాఫ్ వయసుతో పాటు నేరుగా పైకి పోదు. పసితనంలో లేచి, బడి వయసులో పడిపోయి, యవ్వనంలో మళ్లీ లేస్తుంది. ఆ పైన ఏమవుతుందన్నది ఆ నగరం చరిత్రను బట్టి ఉంటుంది.

పసివాళ్లు: అంకె చిన్నది, ప్రమాదం పెద్దది

వయసును బట్టి ముప్పు ఎలా మారుతుందో చెప్పే సమాచారం ఎక్కువగా టీబీ మందులు రాకముందు కాలానిది. చికిత్స లేదు కాబట్టి, ఇన్ఫెక్షన్ సోకిన పిల్లల్లో ఎవరు జబ్బు పడ్డారో, ఎవరు నిలదొక్కుకున్నారో అప్పటి వైద్యులు ఏళ్ల తరబడి గమనించి రాసిపెట్టారు. ఆ రికార్డులన్నీ కలిపి చూసిన పరిశోధకులకు తేలింది ఇది. ఏడాది లోపు బిడ్డకు సోకితే జబ్బుగా మారే అవకాశం దాదాపు 50 శాతం. సోకిన ప్రతి వంద మంది శిశువుల్లో 10 నుంచి 20 మందికి అది మెదడు పొరలకో, రక్తంలో కలిసి ఒళ్లంతానో పాకుతుంది. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య ముప్పు 20 నుంచి 30 శాతానికి దిగుతుంది. రెండు నుంచి ఐదేళ్ల మధ్య 5 శాతం. ఐదు నుంచి పదేళ్ల మధ్య 2 శాతమే. పదేళ్లు దాటాక మళ్లీ 10 నుంచి 20 శాతానికి ఎగబాకుతుంది.

ఐదు నుంచి పదేళ్ల వయసు టీబీకి ఎందుకంత గట్టిగా ఎదురు నిలుస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఇంకా కుదురుకోకపోవడం, యుక్తవయసులో హార్మోన్ల మార్పులతో శరీరం స్పందించే తీరే మారిపోవడం, ఈ రెండింటి నడుమ దొరికిన విరామం లాంటిది ఆ దశ.

1921లో మొదటిసారి వాడిన బీసీజీ టీకా విలువ ఈ పసివయసులోనే ఎక్కువ. మెదడు పొరల టీబీ నుంచి, ఒళ్లంతా పాకే రకం నుంచి చిన్నపిల్లలను అది బాగా కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీ విషయంలో మాత్రం దాని ఫలితం ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది. పుట్టగానే టీకా వేసే నగరాల్లో కూడా పెద్దల్లో టీబీ కొనసాగడానికి ఇదొక కారణం. టీకా వేశాం కదా, ఇంకా ఎందుకు వస్తోందని అడిగేవాళ్లకు జవాబు ఇదే: ఆ టీకా కాపాడేది ప్రధానంగా చిన్నతనాన్నే.

ఇక లెక్కల విషయం. 2023లో ప్రపంచవ్యాప్తంగా 1.08 కోట్ల మందికి టీబీ వచ్చిందని, వాళ్లలో 12 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇది అంచనా అని గుర్తుపెట్టుకోవాలి. ఆస్పత్రి రిజిస్టర్లలోకి ఎక్కే పిల్లలు అంతకంటే తక్కువ. పెద్దవాళ్లను దగ్గి కఫం ఇవ్వమంటే ఇస్తారు. రెండేళ్ల పిల్ల కఫాన్ని ఉమ్మదు, మింగేస్తుంది. అందుకే తెల్లవారుజామున పరగడుపున ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి పరీక్షించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. బిడ్డకు బాధ, తల్లికి టెన్షన్. అంతచేసినా పిల్లల ఒంట్లో బ్యాక్టీరియా సంఖ్య తక్కువ కాబట్టి పరీక్షకు దొరక్కపోవచ్చు. మింగిన కఫం మలంలోకి చేరుతుంది కాబట్టి ఇప్పుడు మలాన్ని జన్యు పరీక్ష యంత్రంలో పెట్టి చూసే పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది.

పిల్లల కేసులకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. రెండేళ్ల బిడ్డకు టీబీ వచ్చిందంటే ఆ ఇన్ఫెక్షన్ గత రెండేళ్లలో సోకిందే అయి ఉండాలి, అంతకుముందు ఆ బిడ్డే లేదు కదా. ఆ బిడ్డ చుట్టుపక్కల దగ్గుతున్న పెద్దమనిషి ఒకరున్నారు, ఆ మనిషికి ఇంకా చికిత్స అంది ఉండకపోవచ్చు. పిల్లల్లో పరీక్షలు సరిగ్గా జరిగే నగరంలో ఐదేళ్లలోపు కేసుల రేటు వ్యాప్తి ఎంత తాజాగా ఉందో చెప్పే నమ్మకమైన గుర్తు.

యవ్వనంలో రెండు ద్వారాలూ ఒకేసారి తెరుచుకుంటాయి

పదేళ్లు దాటాక ముప్పు పెరగడానికి ఒంట్లోని మార్పు ఒక కారణమైతే, తిరిగే చోట్లు మారడం రెండోది. చిన్నపిల్లలకు టీబీ ఎక్కువగా ఇంట్లోనే అంటుకుంటుంది. పదిహేనేళ్ల కుర్రాడి రోజు అలా ఉండదు. కిక్కిరిసిన బస్సు, తలుపులు మూసిన తరగతి గది, హాస్టల్, ఆ తర్వాత పనిచేసే చోటు. టీబీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో రోగుల బ్యాక్టీరియా జన్యువులను పోల్చి ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో చూసినప్పుడు, మొత్తం వ్యాప్తిలో ఇంట్లోవాళ్ల నుంచి అంటుకున్నది చిన్న భాగమేనని, మిగతాదంతా బయట సమాజంలో జరిగిందని తేలింది.

ఈ వయసులో జబ్బు స్వరూపం కూడా మారుతుంది. పెద్దవాళ్ల తరహాలో ఊపిరితిత్తుల పైభాగంలో పుండ్లు పడి గుంతలు ఏర్పడతాయి. ఆ గుంతల్లో బ్యాక్టీరియా కోట్లలో పెరుగుతుంది, దగ్గినప్పుడల్లా గాల్లోకి వస్తుంది. చిన్నపిల్ల దాదాపు ఎవరికీ అంటించదు. పద్దెనిమిదేళ్ల యువకుడు అంటించగలడు. అతను కలిసే మనుషులు కూడా ఎక్కువ.

ఇంత ముఖ్యమైన వయసు లెక్కల్లో చాలాకాలం కనిపించకుండా పోయింది. 0 నుంచి 14 ఒక గడి, 15 నుంచి పైకి పెద్దలు అని విభజించడంతో కౌమారం రెండు ముక్కలై రెండింటిలోనూ కలిసిపోయింది. 10 నుంచి 24 ఏళ్ల వాళ్లను విడిగా లెక్కగట్టిన ఒక అంచనాలో 2012లో వాళ్లలో దాదాపు 18 లక్షల మందికి టీబీ వచ్చినట్టు తేలింది. గడులు ఎక్కడ గీశారన్నది కాగితం మీద చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ లెక్కలో లేని వయసుకు ప్రత్యేక పథకం కూడా ఉండదు.

మగా ఆడా తేడా మొదలయ్యేదీ ఈ దశ తర్వాతే. చిన్నతనంలో ఇద్దరికీ దాదాపు సమానంగా వచ్చే టీబీ, పెద్దయ్యాక మగవాళ్లలో బాగా ఎక్కువవుతుంది. 2023లో మొత్తం రోగుల్లో పురుషులు 55 శాతం, స్త్రీలు 33 శాతం, మిగతావాళ్లు పిల్లలు. పొగ, మద్యం, బయట తిరుగుడు, డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లడం అన్నీ కలిసి పనిచేస్తాయి.

వృద్ధుల రేటు చెప్పేది వాళ్ల చిన్నతనం గురించి

ఎన్నో నగరాల గణాంకాల్లో టీబీ రేటు 65 దాటినవాళ్లలోనే అత్యధికం. దీన్ని చూసి టీబీ ముసలితనపు జబ్బు అనుకోవడం సహజం. దాదాపు వందేళ్ల కిందట కూడా నిపుణులు సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డారు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1880 నుంచి 1930 వరకు టీబీ మరణాల రికార్డులు ఉన్నాయి. 1880 లెక్కలో మరణాలు పసిపిల్లల్లో ఎక్కువ, బడి వయసులో తక్కువ, మళ్లీ ఇరవైల్లో బాగా ఎక్కువ. 1930 లెక్కకు వచ్చేసరికి శిఖరం యాభై అరవై ఏళ్ల దగ్గరికి జరిగిపోయింది. యాభై ఏళ్లలో టీబీ తన స్వభావం మార్చుకుని యువకులను వదిలి పెద్దవాళ్లను పట్టుకుందా?

వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే అంటువ్యాధుల శాస్త్రవేత్త అవే అంకెలను వేరేగా పేర్చాడు. ఒక సంవత్సరంలో అన్ని వయసులవాళ్లను పక్కపక్కన పెట్టి చూడటం మానేసి, ఒక తరాన్ని పుట్టుక నుంచి వెంబడించాడు. 1880లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు 1890లో ఎలా ఉన్నారు, 1900లో ఎలా ఉన్నారు, 1930లో ఎలా ఉన్నారు అని. అలా చూస్తే చిత్రం తిరగబడింది. 1930లో యాభై ఏళ్లున్న తరానికి టీబీ మరణాల ముప్పు అత్యధికంగా ఉన్నది యాభైల్లో కాదు, వాళ్ల ఇరవైల్లోనే. యాభైలకు వచ్చేసరికి అది తగ్గిపోయింది. అయితే వాళ్ల తర్వాత పుట్టిన ప్రతి తరమూ ఇంకా తక్కువ ఇన్ఫెక్షన్‌తో పెరిగింది కాబట్టి, 1930 నాటి యువకుల పక్కన నిలబెడితే ఆ పెద్దవాళ్ల రేటు కొండలా కనిపించింది. నార్వేలో క్రిస్టియన్ అండ్వోర్డ్ 1930లోనే ఇదే తరహా పద్ధతిని వాడాడు. ఫ్రాస్ట్ వ్యాసం ఆయన మరణించాక 1939లో అచ్చయింది. వ్యాధుల లెక్కలను తరాల వారీగా చూడాలన్న ఆలోచనకు అది పునాది రాయిగా నిలిచింది.

ఈ పద్ధతి విలువ నేటికీ తగ్గలేదు. వృద్ధుల్లో రేటు ఎక్కువగానూ, యువకుల్లో తక్కువగానూ ఉంటే అది సాధారణంగా శుభసూచన. నగరంలో వ్యాప్తి తగ్గుతూ వచ్చిందని, పాత తరం తన చిన్ననాటి ఇన్ఫెక్షన్‌ను మోసుకొస్తోందని అర్థం. ప్రతి తరంతోనూ ఆ శిఖరం ఇంకా పెద్ద వయసు వైపు జరుగుతుంది.

అలాగని వృద్ధుల కేసులన్నీ పాతవేనని వదిలేస్తే ప్రమాదం. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో వృద్ధాశ్రమాలను 1980లలో పరిశీలించినప్పుడు, ఇన్ఫెక్షన్ లేకుండా చేరినవాళ్లకు అక్కడికి వచ్చాకే కొత్తగా సోకుతోందని బయటపడింది. ఇప్పుడు ఇద్దరు రోగుల బ్యాక్టీరియా జన్యుక్రమాలను పోల్చి చూడొచ్చు. రెండూ దాదాపు ఒకటే అయితే ఒకరి నుంచి ఒకరికి ఇటీవలే పాకిందనుకోవచ్చు. వయసు గ్రాఫ్ ఇచ్చేది అనుమానం, దాన్ని రుజువు చేసేది ఇలాంటి పరీక్ష.

ఇన్ఫెక్షన్ ఎప్పటిదైనా, వయసు పైబడ్డాక దాన్ని అదుపులో పెట్టే శక్తి తగ్గుతుంది. దానికి తోడు షుగర్ వ్యాధి టీబీ ముప్పును రెండు మూడు రెట్లు పెంచుతుంది. కిడ్నీ జబ్బులు, కీళ్ల నొప్పులకు వాడే కొన్ని రకాల ఇంజెక్షన్లు, పోషకాహార లోపం కూడా అదే పని చేస్తాయి. లక్షణాలేమో మసకగా ఉంటాయి. రక్తం పడేంత దగ్గు ఉండకపోవచ్చు. నీరసం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం కనిపిస్తే వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా సరిపెట్టుకుంటారు. చికిత్స ఆలస్యమవుతుంది, మరణాల శాతం పెరుగుతుంది.

ఒక్కో నగరానిది ఒక్కో ఆకారం

న్యూయార్క్‌లో టీబీ కేసులు 1978లో 1,307కి దిగాయి. ఇక అయిపోయిందన్న ధీమాతో క్లినిక్‌లకు, సిబ్బందికి నిధులు కోసేశారు. అదే సమయంలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే హెచ్‌ఐవీ వచ్చింది. ఇళ్లు లేనివాళ్లతో షెల్టర్లు, ఖైదీలతో జైళ్లు కిక్కిరిశాయి. 1992 నాటికి కేసులు 3,811. దెబ్బ ఎక్కువగా తగిలింది వృద్ధులకు కాదు, ఉద్యోగాలు, కుటుంబాలు ఉండే నడి యవ్వనానికి. మందులకు లొంగని రకాలు ఆస్పత్రుల్లోనే పాకాయి. రోగి ప్రతి మోతాదునూ ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట మింగేలా చూడటం, ఆస్పత్రుల్లో గాలి జాగ్రత్తలు పాటించడం మొదలయ్యాక 1994కల్లా కేసులు 2,995కి తగ్గాయి. తాజా వ్యాప్తి వల్ల పెరిగింది కాబట్టే అంత త్వరగా తగ్గించగలిగారు. పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం వల్ల వచ్చే కేసులైతే రెండేళ్లలో అలా దిగవు.

జపాన్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేక ఆకారం. 20వ శతాబ్దం మధ్యదాకా అక్కడ టీబీ యువకుల ప్రాణాలు తీసిన జబ్బు. ఆ దేశం 2021లో లక్షకు 9.2 కేసులతో, 10 కంటే తక్కువ రేటున్న దేశాల జాబితాలోకి చేరింది. ఇప్పుడు అక్కడి రోగుల్లో అధికభాగం 65 దాటినవాళ్లే. హాంగ్‌కాంగ్‌ది కూడా ఇదే దారి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పేదల బస్తీల్లో చేసిన పరీక్షల్లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో 28 శాతం మందికి, 31 నుంచి 35 ఏళ్ల వాళ్లలో 88 శాతం మందికి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపించింది. ముప్పై ఐదేళ్లకే దాదాపు అందరికీ సోకే గాలిలో యవ్వనపు శిఖరం ఎందుకు అంత ఎత్తుగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

యువకుల శిఖరం అంటే స్థానిక వ్యాప్తే అన్న సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. లండన్ లాంటి నగరాల్లో టీబీ రోగుల్లో ఎక్కువమంది వేరే దేశాల్లో పుట్టి వచ్చినవాళ్లు. వలస వచ్చేది యువకులే కాబట్టి గ్రాఫ్ యవ్వనంలో లేస్తుంది. కానీ ఆ ఇన్ఫెక్షన్‌లో చాలాభాగం వాళ్లు నగరానికి రాకముందే సోకింది. పుట్టిన దేశాన్ని బట్టి విడదీయకుండా అక్కడి గ్రాఫ్ చదివితే నగరం మీదో, వచ్చినవాళ్ల మీదో లేనిపోని నింద పడుతుంది.

సగటు ఎలా తప్పుదారి పట్టిస్తుంది

మొదట సంఖ్యకూ రేటుకూ తేడా చూడాలి. 20 లక్షల జనాభా ఉన్న ఒక నగరాన్ని ఊహించుకుందాం. 15 నుంచి 34 ఏళ్ల వాళ్లు 8 లక్షల మంది, వాళ్లలో 960 కేసులు. 65 దాటినవాళ్లు లక్షన్నర మంది, వాళ్లలో 300 కేసులు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్లను చూస్తే టీబీ కుర్రవాళ్ల జబ్బు అనిపిస్తుంది. లక్షకు లెక్కగడితే యువకుల్లో 120, వృద్ధుల్లో 200. రెండూ నిజమే. మందులు, పడకలు ఎన్ని కావాలో సంఖ్య చెబుతుంది. ఎవరికి ముప్పు ఎక్కువో రేటు చెబుతుంది.

రెండో చిక్కు జనాభా వయసు మారడం వల్ల వస్తుంది. ఇంకో ఊహా నగరంలో 65 లోపువాళ్ల రేటు లక్షకు 80, ఆ పైవాళ్ల రేటు 300, వృద్ధులు జనాభాలో 5 శాతం అనుకుందాం. నగరం మొత్తం రేటు 91 వస్తుంది. కొన్నేళ్లకు రెండు వర్గాల్లోనూ టీబీ 10 శాతం చొప్పున తగ్గింది: 72, 270. ఈలోగా వృద్ధుల వాటా 15 శాతానికి పెరిగింది. ఇప్పుడు నగరం మొత్తం రేటు దాదాపు 102. ప్రతి వయసులోనూ జబ్బు తగ్గింది, సగటు మాత్రం పెరిగింది. ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే పనిచేసిన కార్యక్రమానికి విఫలమైందన్న ముద్ర పడుతుంది. అందుకే జనాభా కూర్పు మారుతున్న నగరాల్లో వయసు తేడాలను సరిచేసిన రేటునే ఏళ్ల మధ్య పోల్చాలి.

కేసులు పెరిగితే జబ్బు పెరిగినట్టేనా?

పత్రికల్లో కనిపించే అంకె ఎక్కువగా నమోదైన కేసులది. నమోదు కావాలంటే రోగి రావాలి, పరీక్ష జరగాలి, ఎవరో రాయాలి. ఈ మూడింట్లో ఏది మారినా అంకె మారుతుంది.

1957 వసంతంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఐదు వారాల పాటు ఊరంతటికీ ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. అనుకున్నది రెండున్నర లక్షల మందికి. వచ్చింది 7 లక్షల 14 వేల మందికి పైగా. ఆ ఏడాది నమోదైన ఊపిరితిత్తుల టీబీ రేటు దాదాపు రెట్టింపయింది. జబ్బు రెట్టింపైందని కాదు, దాగి ఉన్నది దొరికింది. ఆ తర్వాతి ఏళ్లలో కేసులు మునుపటికంటే వేగంగా తగ్గాయి.

దీనికి ఎదురు ఉదాహరణ 2020. కొత్తగా గుర్తించిన టీబీ కేసులు ప్రపంచవ్యాప్తంగా 2019లో 71 లక్షలు, కోవిడ్ ఏడాదిలో 58 లక్షలు. ఆ తగ్గుదలలో సంతోషించాల్సింది ఏమీ లేదు. లాక్‌డౌన్లలో రోగులు ఇళ్లలోనే ఉండిపోయారు. 2023కి గుర్తింపు 82 లక్షలకు పెరిగింది. అంటే ఇటీవలి పెరుగుదలలో కొంత మిగిలిపోయినవాళ్లు బయటికి రావడం.

వయసును బట్టి ఈ మరుగు మారుతుంది. పిల్లలు పరీక్షకు దొరకరు. పనికిపోయే మగవాళ్లు ఆస్పత్రికి రారు. వృద్ధుల్లో లక్షణాలు కలిసిపోతాయి. ఇంటింటి సర్వేల్లో టీబీ తేలినవాళ్లలో సగం మందికి పైగా విడవకుండా వేధించే దగ్గు ఉండనే ఉండదని వివిధ దేశాల అనుభవం. భారత్‌లో 2019–21లో చేసిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల టీబీ నిర్ధారణైంది. వాళ్లలో దాదాపు 43 శాతం మంది ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవాళ్లే కాదు.

నగరం గాలి

టీబీ ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు. గాల్లో తేలే సన్నటి తుంపర్ల ద్వారానే అంటుతుంది. ఆ తుంపర్లు ఎంతసేపు గదిలో నిలుస్తాయన్నది కిటికీల మీద ఆధారపడి ఉంటుంది. పెరూ రాజధాని లిమా ఆస్పత్రుల్లో 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని కొలిచి చూపింది. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు గదుల్లో కిటికీలన్నీ తెరిస్తే గంటకు 40 సార్లు గాలి మారింది. కొత్తగా కట్టిన గదుల్లో 17 సార్లే. నగరాలు పెరిగేకొద్దీ గదులు చిన్నవై, కప్పులు కిందికి దిగి, ఏసీ కోసం కిటికీలు మూసుకుపోతున్నాయి. ఆ గదుల్లో రోజంతా గడిపేది చదువుకునే, పనిచేసే వయసువాళ్లే.

అయితే రద్దీ ఒక్కటే కథ కాదు. 2023లో సుమారు 9.6 లక్షల టీబీ కేసులకు పోషకాహార లోపం, 6.1 లక్షల కేసులకు హెచ్‌ఐవీ, 3.8 లక్షల కేసులకు షుగర్ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబ సభ్యులకు నెలనెలా అదనపు ఆహారం ఇచ్చి చూసిన పరీక్షలో, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. మందులతో సంబంధం లేకుండా తిండి ఒక్కటే ఇంత తేడా తేవడం తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు.

ఏ వయసుకు ఏ దారి

ఇంట్లో ఒకరికి టీబీ తేలితే ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని నిర్ధారించుకుని ముందుజాగ్రత్త మందు ఇవ్వడం అత్యంత లాభసాటి చర్య. సోకితే జబ్బుగా మారే ముప్పు 50 శాతం దాకా ఉండే వయసది. జబ్బు వచ్చిన పిల్లల్లో తీవ్రత తక్కువగా ఉంటే ఆరు నెలల బదులు నాలుగు నెలల చికిత్స చాలని పరీక్షల్లో తేలింది, 2022 నుంచి అది అంతర్జాతీయ సిఫారసుల్లో ఉంది.

వృద్ధుల విషయంలో తూకం మారుతుంది. ముందుజాగ్రత్తకు వాడే ఐసోనియాజిడ్ కాలేయాన్ని దెబ్బతీసే అవకాశం వయసుతో పెరుగుతుంది. అందరికీ మందు ఇవ్వడం కంటే షుగర్ క్లినిక్‌లలో, వృద్ధాశ్రమాల్లో ఎక్స్‌రేలు తీసి జబ్బును తొందరగా పట్టుకోవడం అక్కడ ఎక్కువ పనికొస్తుంది.

వ్యాప్తిని తెంచాల్సింది మాత్రం ఈ రెంటి నడుమనున్న వయసులో. కొత్త టీకాల పరిశోధన అందుకే అటు తిరిగింది. ఎం72 అనే టీకా రెండో దశ పరీక్షలో, అప్పటికే ఇన్ఫెక్షన్ సోకిన పెద్దల్లో ఊపిరితిత్తుల టీబీని మూడేళ్లలో దాదాపు సగానికి తగ్గించింది. మూడో దశ 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది. అందులో చేర్చుకున్నది 15 నుంచి 44 ఏళ్ల వాళ్లను. ఫలితం అనుకూలంగా వస్తే తేడా మొదట కనిపించాల్సింది యవ్వనపు శిఖరంలో, ఆ వెంటనే వాళ్ల ఇళ్లలోని పసివాళ్ల అంకెలో. ఇప్పటికే ఇన్ఫెక్షన్ మోస్తున్న పెద్ద తరం అంకె అంత త్వరగా దిగదు. టీకా బాగా పనిచేస్తున్నప్పుడు కూడా నగరం రోగుల సగటు వయసు ఏటేటా పెరుగుతూనే పోతుంది.